థెస్సలొనీకలో వారం ముందొచ్చిన ఈస్టర్

మొన్న ఈస్టర్‌కి నేపర్‌విల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ఈ ఇయర్ రెండు ఈస్టర్లూ సేమ్ డే అంట, నీకు తెలుసా?" అని నవ్వింది. తెలియకేం? పదమూడేళ్ళుగా ప్రతి జనవరిలోనూ మన ఈస్టర్‌తోపాటు తూర్పు సంఘాల ఈస్టర్ లెక్క కూడా కట్టి పెట్టుకునే మనిషిని నేను. అయినా దాని నోట ఆ మాట వినేసరికి, ఎడిసన్‌లోని మా వంటింట్లో కాఫీ కప్పుతో అలాగే కూర్చుండిపోయాను. 2012 ఏప్రిల్ నాటి కంగారు ఇంకా నాలో ఎక్కడో మిగిలే ఉంది.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. చిన్నప్పుడు మా నాన్నగారి అల్మారాలో దొరికిన ఒక పాత క్రైస్తవ పంచాంగం వెనక పేజీలో, ఏ సంవత్సరానికైనా ఈస్టర్ తేదీ కనుక్కునే పద్ధతి ఉండేది. సంవత్సరాన్ని పంతొమ్మిదితో భాగించి, మిగిలిన శేషంతో బయలుదేరి, వసంతకాలపు పున్నమిని పట్టుకుని, ఆ తర్వాతి ఆదివారానికి చేరాలి. ఏ గోడ మీద చూసినా క్యాలెండర్ ఉన్న కాలంలో ఇదంతా ఎందుకని మీరనవచ్చు; కానీ కాగితం మీద కట్టిన లెక్క గోడ మీది తేదీతో సరిపోయినప్పుడు కలిగే నెమ్మది, ఆ అలవాటున్న వాళ్ళకే తెలుస్తుంది. ఇక్కడికొచ్చాక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు కుదిర్చే ఉద్యోగం దొరికింది. ఇంకొకరి చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని నడుపుకునే మా తెలుగు సంఘంలో పిల్లలు నన్ను క్యాలెండర్ ఆంటీ అనేవారు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

మా మావగారు బాపట్లలో బడిపంతులు. ఆదివారాలు పిల్లలకు బోర్డు మీద మధ్యధరా సముద్రం గీసి, పౌలు ఏ రేవులో ఓడ ఎక్కాడో, ఏ ఊళ్ళో దెబ్బలు తిన్నాడో సుద్దముక్కతో చూపించేవారట. ఆ ఊళ్ళన్నిటిలోకీ ఆయనకు గ్రీకు దేశపు రేవు థెస్సలొనీక అంటే ఎందుకో మక్కువ. రిటైరయ్యాక ఒక్క ఈస్టర్ అయినా ఆ ఊరి ఒడ్డున చేసుకోవాలని పాస్‌పోర్టు కూడా తీయించుకున్నారు. అది తెల్లగానే ఉండిపోయింది. 2011 వానాకాలంలో ఆయన పోయారు. ఆ అక్టోబరులో మా అత్తగారు మా దగ్గరికి వచ్చారు.

మా వైపు ఈస్టర్ గుళ్ళో కాదు, సమాధుల తోటలో మొదలవుతుందని మీలో చాలామందికి తెలుసు. ముందురోజే సమాధి కడిగి సున్నం కొట్టి, తెల్లవారుజామున బంతిపూలు పరిచి, పొద్దు పొడవకముందే కొవ్వొత్తి వెలిగిస్తారు. మనిషి పోయిన మొదటి ఈస్టర్‌కి భార్యో భర్తో తమ చేత్తోనే వెలిగించాలి. అత్తగారిని అందుకోసం బాపట్ల పంపుదామని మా ఆయన అంటే, ఆవిడ వద్దన్నారు. "సమాధి కాడ వెలిగించడానికి మా మరిది పిల్లలున్నారు. ఆయన పోదామనుకున్న చోట వెలిగించేదానికి ఎవరున్నార్రా?" అన్నారు.

ఇక ఏర్పాట్లన్నీ నావే. మా అమ్మాయికి స్కూలు సెలవులు, మా ఆయనకు ఆఫీసులో దొరికే లీవు, అత్తగారు ఇండియాకి తిరిగి వెళ్ళాల్సిన తేదీ, ఆవిడ యూరప్ వీసా గడువు, వీటన్నిటి మధ్య ఈస్టర్ వారాన్ని ఇరికించాను. లెక్క మళ్ళీ కట్టాను, సరిపోయింది. అంతకుముందు మా క్లినిక్‌లో పనిచేసి ఫ్లోరిడాకు వెళ్ళిపోయిన గ్రీకు ఆవిడ ఒకరు, రెండేళ్ళు వరసగా మన ఈస్టర్ మర్నాడే ఎర్రరంగు గుడ్లు తెచ్చి మాకు పంచిపెట్టింది. పండుగ అందరికీ ఒకేరోజని అనుకోవడానికి నాకు ఆ సాక్ష్యం చాలింది. మా ఊళ్ళో లూథరన్‌లకూ బాప్తిస్టులకూ ఆర్.సి.యం. కతోలికులకూ బాప్తిస్మపు నీళ్ళ దగ్గర్నుంచి పాటల రాగం దాకా పడేది కాదు గానీ, ఈస్టర్ తేదీ మీద మాత్రం ఎవరూ ఎన్నడూ తగవు పడలేదు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

గురువారం సాయంత్రం ఊరు చేరాం. అర్ధచంద్రాకారంగా వంగిన ఒడ్డు, దాని మీద బారుగా కాఫీ దుకాణాలు, వీధుల మధ్యలో హఠాత్తుగా కనబడే రోమనుల కాలపు ఇటుక గోడలు, వెనక కొండ మీద పాత కోట. అత్తగారు కారు అద్దానికి ముఖం ఆనించి, మావగారు సుద్దముక్కతో గీసిన ఆ రేవు ఇదేనా అన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు గుడ్ ఫ్రైడే. ఆవిడ ఉపవాసం ఉండి తెల్లచీర కట్టుకున్నారు. దారి పొడుగునా దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి. మాంసం కొట్టు వాడు ఈల వేసుకుంటూ బల్ల కడుగుతున్నాడు. క్రీస్తు సిలువ మీదున్న మూడు గంటలూ కూర్చుందామని వెళ్ళిన గుడిలో, కొవ్వొత్తులు సర్దుతున్న ఒక ముసలాయన తప్ప మనిషి లేడు. నెమ్మదిగా బయటికొచ్చి, మిగతా ముగ్గుర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి, హోటల్‌కి పరుగు లాంటి నడకతో వెళ్ళి డెస్క్ దగ్గరున్న అమ్మాయిని అడిగాను. ఈస్టర్ వచ్చే వారం కదా అంది. ఈ ఆదివారం మాకు మట్టల ఆదివారం, అప్పటిదాకా ఉంటారా అని నవ్వుతూ అడిగింది.

అక్కడే హోటల్ కాగితం తీసుకుని లెక్క మళ్ళీ మొదటినుంచి కట్టాను. ఎక్కడా పొరపాటు లేదు. నా లెక్క సరిగ్గానే ఉంది. ఆ ఊరివాళ్ళది వేరే లెక్క, ఎన్నో వందల ఏళ్ళనాటి పాత క్యాలెండర్‌ని పట్టుకుని నడిచేది. కొన్నేళ్ళు రెండూ కలుస్తాయి, కొన్నేళ్ళు వారం తేడా, కొన్నేళ్ళు అయిదు వారాలు. ఎర్రగుడ్లు తిన్న ఆ రెండేళ్ళూ కలిసిన ఏళ్ళు. ఆఖరి ఆశగా కతోలిక గుడికి పోయి అడిగితే, అక్కడి సిస్టర్ ఎంతో దయగా, ఈ దేశంలో మేమూ ఇక్కడి వాళ్ళతోపాటే చేసుకుంటామని చెప్పింది.

ఇంకో వారం ఉండే వీలు లేదు. అత్తగారి వీసా మంగళవారంతో సరి.

గుడి మెట్ల దగ్గరికి తిరిగి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మా ఆయన, "అయితే క్యాలెండర్ ఆంటీ, దేవుడు నీ లెక్క ప్రకారం లేవాలా, వీళ్ళ లెక్క ప్రకారం లేవాలా?" అన్నారు. ఎగతాళే గానీ ఆయన గొంతులోనూ కంగారుంది. మా అమ్మాయి నానమ్మ చెయ్యి పట్టుకుని, "సో టుడే గుడ్ ఫ్రైడే కాదా నానమ్మా? నువ్ తినొచ్చా?" అంది. అత్తగారు చిన్నగా నవ్వారు. "మీ తాత కూడా ఇంతేనే. రైలుకి పూట ముందే స్టేషన్లో ఉండాలి, పెళ్ళికి రోజు ముందే పందిట్లో ఉండాలి. ఇక్కడికీ ముందే తీసుకొచ్చాడు," అన్నారు.

ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఒడ్డు వెంట నడుస్తుండగా ఆవిడ ఆగి, నా మోచెయ్యి పట్టుకుని, మెల్లగా అడిగారు: "అమ్మాయ్, మన తోటలో నేను కొవ్వొత్తి వెలిగించి, క్రీస్తు లేచెను అంటే, పక్క సమాధోళ్ళు నిజముగా లేచెను అంటారు. అప్పటికి గదా అది ఈస్టర్! ఇక్కడోళ్ళకి ఆయనింకా లేవనే లేదు. నా మాటకి జవాబెవరు చెబుతారు? ఒక్కదాన్నే వెలిగించుకుంటే సరిపోద్దంటావా?"

మేం ముగ్గురం చెబుతాం కదా అన్నాను. "ఇంటోళ్ళు చెప్పేది కాదమ్మా అది," అన్నారు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. పండుగ జారిపోతుందన్న భయం నాకు ముందునుంచీ ఉంది. జారిపోయిన పండుగ మళ్ళీ మొదటి ఈస్టర్‌గా రాదన్న సంగతి అప్పుడే బాగా తగిలింది.

ఆదివారం చీకటితోనే టాక్సీ ఎక్కి, కోటగోడల దిగువనున్న సమాధుల తోటకు వెళ్ళాం. ఒడ్డున వెలిగించుకుందామని మా ఆయన అంటే, పక్క సమాధి లేనిచోట వద్దని ఆవిడే పట్టుబట్టారు. గేటు మూసి ఉంది. తూర్పున ఆకాశం తెల్లబడుతోంది. నేను గేటు చువ్వలు పట్టుకుని లోపలికి చూడటం, ఆకాశం కేసి చూడటం, ఇదే పనిగా ఉన్నాను. మా ఆయన కాపలా గది అద్దం మీద కొడుతున్నారు, ఎవరూ పలకడం లేదు. అత్తగారు మాత్రం కొవ్వొత్తి రెండు చేతుల్లోనూ పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

అప్పుడు నల్లబట్టల్లో ఉన్న ఒక ముసలమ్మ, ప్లాస్టిక్ సంచి ఊపుకుంటూ కొండ దిగి వచ్చింది. సంచిలోంచి బ్రష్షు పిడి, నూనె సీసా మూతి కనబడుతున్నాయి. పక్కన చిన్న తలుపు మీద అలవాటుగా తట్టి, లోపలి మనిషిని పేరు పెట్టి కేకేసింది. అతను విసుక్కుంటూ తీశాడు. ఆమె లోపలికి పోబోతూ ఆగి, అత్తగారి తెల్లచీరనూ చేతిలోని కొవ్వొత్తినీ చూసింది. అత్తగారు వేలితో తన మెడ చూపించి, మంగళసూత్రం లేదన్నట్టు చెయ్యి తిప్పి, "మా ఆయన. పోయినేడు," అన్నారు అచ్చ తెలుగులో. ఆమె తన తలకు కట్టుకున్న నల్లగుడ్డ కొస పట్టుకుని ఊపి చూపించి, తల పంకించి, మమ్మల్ని రమ్మంది.

ఆమె భర్త సమాధి చలవరాతిది. తలవైపు చిన్న అద్దాల పెట్టెలో ఆయన ఫోటో, నూనెదీపం ఉన్నాయి. ఆమె నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దుతుంటే, అత్తగారు చీరకుచ్చిళ్ళు దోపుకుని పక్కనే చతికిలబడి తనూ తుడవడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండా ఏవేవో చెప్పుకున్నారు. మోకాళ్ళ నొప్పి సంగతి కాబోలు, ఇద్దరూ మోకాళ్ళు తట్టుకున్నారు. ఆమె ఒత్తి వేసి దీపం వెలిగించింది. అత్తగారు ఆ దీపం నుంచి తన కొవ్వొత్తి అంటించుకుని రాతి చివర నిలబెట్టారు. కొండ అంచున ఇంకా ఎండ పడలేదు.

ఆవిడ లేచి నిలబడి, "క్రీస్తు లేచెను," అన్నారు.

ఎవరూ పలకలేదు. నేను పలకబోతే మా ఆయన నా భుజం నొక్కి ఆపారు. అప్పుడు మా అమ్మాయి, ముందురోజు హోటల్ డెస్క్ అమ్మాయి దగ్గర నేర్చుకున్న ముక్కని ముద్దముద్దగా అంది: "క్రిస్తోస్ అనెస్తీ."

ముసలమ్మ ఉలిక్కిపడి వేలు పెదవుల మీద పెట్టింది. వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపి, వచ్చే ఆదివారం అన్నట్టు దూరంగా చూపించింది. ఆ మాట వాళ్ళు ఆ రోజుకు ముందు పలకకూడదట, తర్వాత తెలిసింది. ఆమె అత్తగారి ముఖంలోకి చూసింది, రాతి మీది కొవ్వొత్తిని చూసింది, చుట్టూ ఎవరైనా వింటున్నారా అన్నట్టు ఓసారి కలియజూసింది. అప్పుడు గొంతు బాగా తగ్గించి, సిలువ గుర్తు వేసుకుని, "అలిథోస్ అనెస్తీ," అంది. నిజముగా లేచెను.

అత్తగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

ఇప్పుడు అత్తగారు కూడా బాపట్ల తోటలో మావగారి పక్కనే ఉన్నారు. ప్రతి ఈస్టర్‌కీ ఆవిడ మరిది కొడుకు తెల్లవారుజామున వెళ్ళి, ఫోన్‌లో మాకు చూపిస్తాడు. మాకిక్కడ శనివారం సాయంత్రమే కనుక అందరం సోఫాలో కూర్చుని చూస్తాం. చిత్రం చక్కగా వస్తుంది. కొవ్వొత్తి రంగు కూడా తెలుస్తుంది. సమాధులకు గ్రానైట్ రాళ్ళూ, చుట్టూ స్టీలు కమ్మీలూ వచ్చాయి. చాలామంది మనిషిని పెట్టి పూలు వేయించి, ఫోటో తెప్పించుకుంటున్నారు. మేం ఇక్కణ్ణుంచి క్రీస్తు లేచెను అని గట్టిగానే అంటాం, మరిది కొడుకు బదులు చెప్పి ఫోన్ పెట్టేస్తాడు. తేదీలు రెండూ నాకు తెలుసు, గంటల తేడా తెలుసు, ఎప్పుడు పొద్దు పొడుస్తుందో తెలుసు. అత్తగారికి అవతలి పక్క సమాధి ఎవరిదో మాత్రం నాకు తెలియదు.