వెనుక తలుపు గుండా వెళ్లని మనిషి

ద్రాక్షలు పిండే రోజుల్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ కొండవాలంతా పులిసిన తీపి వాసన వేస్తుంది. ఈ ఉదయం కిటికీ తెరవగానే ఆ వాసన గదిలోకి వచ్చింది. వెంటనే ఫ్రావ్ లెంజ్ గుర్తుకొచ్చారు. ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి అని; నాకు తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఆవిడ. కరోనాతో విశ్వవిద్యాలయం మూతపడ్డప్పుడు, హనుమకొండ నుంచి వచ్చి హాస్టల్ గదిలో ఒంటరిగా చిక్కుకున్న నన్ను పిలిచి, ఈ ద్రాక్షతోటల మధ్య దూరం దూరంగా నడుస్తూనే పాఠం చెప్పారు.

మా పాఠం రెండు వందల ఏళ్ల కిందటి జర్మన్ తత్వవేత్తల గురించి. నీతి ఒక్క మనిషి మనసులో ఉండేది కాదనీ, ఇంట్లో, వీధిలో, చట్టంలో నలుగురూ కలిసి బతికే తీరులో ఉంటుందనీ వాళ్లన్నారు. "రాజ్యాంగం కాగితం మీద ఉంటే చాలదు సుజాతా, జనం అది తమదనుకుని బతకాలి" అనేవారు ఆవిడ. నేను శ్రద్ధగా రాసుకునేదాన్ని, పరీక్ష కోసం.

ఆ చలికాలం ఆవిడ భర్త వృద్ధాశ్రమంలో ఉన్నారు. మతిమరుపు జబ్బు ముదిరింది. బయటివాళ్లెవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఆవిడ రోజూ ఆవరణలో నిలబడి కిటికీ వైపు చెయ్యి ఊపేవారు. ఆయన ఒక్కోరోజు తానూ ఊపేవారు, ఒక్కోరోజు ఎవరో అన్నట్టు చూసేవారు. ఒకసారి నేను వెంట ఉన్నప్పుడు, జాలిపడిన ఒక నర్సు బయటికొచ్చి, సాయంత్రం వెనుక తలుపు తీసి ఉంచుతానని మెల్లగా చెప్పింది. ఫ్రావ్ లెంజ్ చాలాసేపు కిటికీ వైపే చూశారు.

"వద్దు," అన్నారు చివరికి.

తిరిగొస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఆ నియమం తప్పని మీరే అన్నారు కదా. మరెందుకు వద్దన్నారు?"

"తప్పే. కానీ నా ఒక్కదానికి తీస్తే అది ఆ అమ్మాయి దయ. అందరికీ తీస్తేనే న్యాయం."

మర్నాటి నుంచి మిగతా కుటుంబాలవాళ్లకు ఫోన్లు చేసి కూడగట్టారు. ఆశ్రమం వాళ్లతో, ఆరోగ్యశాఖ అధికారులతో విసుగు లేకుండా వాదించారు. కొన్ని వారాలకు, కరోనా పరీక్ష చేయించుకుని ఇంటికొకరు లోపలికి రావచ్చని వాళ్లు ఒప్పుకున్నారు. ఆవిడ రెండుసార్లు భర్త చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మూడోసారి వెళ్లేలోపు ఆయన పోయారు.

వసంతంలో మళ్లీ నడకకు పిలిచారు. ఓదార్చాలని, "మీరు చేసింది సరైన పనే" అన్నాను.

"సరైనదే. ఆ వారాలు మాత్రం నాకెవరూ తిరిగివ్వరు. సరైన పని చేస్తే బాధ ఉండదని నేనెప్పుడైనా చెప్పి ఉంటే, మీ నోట్సులో అది కొట్టేయండి" అన్నారు.

మాస్కు పైన కళ్లు తడిసి ఉన్నాయి. మనిషి దగ్గరికి మనిషి వెళ్లకూడని రోజులవి. వెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడ పక్కకు జరగలేదు.

ఇప్పుడు నేనూ పిల్లలకు తత్వశాస్త్రం చెబుతున్నాను. న్యాయం గురించిన పాఠం వచ్చినప్పుడు ఆ తత్వవేత్తల వాదనలన్నీ వివరంగా చెబుతాను. తర్వాత పుస్తకం మూసి, ఒకావిడ రెండుసార్లే పట్టుకోగలిగిన చెయ్యి గురించి కూడా చెబుతాను.