కొండముచ్చు గొంతు

దర్శి చుట్టుపక్కల పొలాల్లో యలమందయ్యను పనికి పిలిచేది అరవడానికి. వయసు యాభై ఆరు, చదువు మూడో తరగతి, ఆస్తి ఒక గొంతు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని 'హూప్... హూప్... ఖర్ర్' అన్నాడంటే కోతుల గుంపు తింటున్న మొక్కజొన్న కండెలు పారేసి గట్టు దాటేది. కుర్రతనంలో పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసేటప్పుడు పక్క గుడిసెలో కొండముచ్చును పెంచే మనిషి ఒకడుండేవాడు. కోతులకు కొండముచ్చంటే హడలు. యలమందయ్య రెండేళ్లు ఆ జంతువు పక్కన కూర్చుని అన్నం తిన్నాడు, దాని గొంతు పట్టేశాడు. "ఇంటికొచ్చాకైనా మనుషుల్లాగా మాట్లాడయ్యా," అని భార్య సుబ్బరావమ్మ దెప్పుతూ ఉంటుంది.

ఆ ఊళ్లో శనివారం ఆంజనేయస్వామి పేరు చెప్పి కోతులకు అరటిపళ్లు పెడతారు. ఆదివారం అదే కోతుల్ని తరమడానికి కూలికి మనిషిని పెడతారు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేస్తారు. మిరప జోలికి కోతి తిండి కోసం రాదు. కానీ తామర పురుగుకు అడ్డంగా మిరప చేను చుట్టూ రెండు మూడు వరసలు మొక్కజొన్న వేస్తారు కదా, దానికోసం దిగుతుంది. దిగినది ఊరికే పోదు. మిరప మొక్కల్ని ఒక్కొక్కటే పీకి, వేరు చూసి, పారేసి పోతుంది.

నాగేంద్రబాబుకి ఐదెకరాల మిరప. ఆరేళ్లుగా ఆ చేనుకి యలమందయ్యే కాపలా. ఈ ఏడు బాబు ఒంగోలు నుంచి బ్యాటరీ మైకు తెచ్చాడు.

"ఒక్కసారి అరువయ్యా, ఫోనులో పట్టుకుంటా. ఇంక నువ్వు నీడన కూర్చోవచ్చు."

యలమందయ్య పొంగిపోయాడు. గొంతు సవరించుకుని మూడుసార్లు అరిచాడు. మైకులో తన గొంతు తనకే వినపడుతుంటే, నలుగురిలో తన పేరు పెట్టి పిలిచినంత సంబరపడ్డాడు. మైకు ఐదు నిమిషాలకొకసారి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కోతులున్నా లేకపోయినా అరుస్తూనే ఉంది.

రెండు రోజులు ఒక్క కోతి రాలేదు. మూడోరోజు గట్టు మీద కూర్చుని విన్నాయి. ఐదోరోజు ఒక ముసలి మగకోతి మైకు మీదే కూర్చుని కండె ఒలిచింది. యలమందయ్య పరిగెత్తుకొచ్చి సొంత గొంతుతో అరిచాడు. అది తలెత్తి చూసింది. నమలడం ఆపలేదు.

"నీ అరుపు పాతబడిందయ్యా," అన్నాడు నాగేంద్రబాబు. "ఈ ఆదివారం దాకా చూస్తా. ఆ తర్వాత సోలార్ కంచె వేయించుకుంటా. ఏమనుకోకు."

యలమందయ్య ఏమనుకోలేదు. మధ్యాహ్నం క్యారేజీ తెరిచి, అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు. దసరా సెలవులకి వచ్చిన బాబు కూతురు బిందుమాధవి చేలోకి వచ్చింది. యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదువుతోంది. జరిగింది విని గట్టు మీద చతికిలబడింది.

"బాబాయ్, ఆఫ్రికా అడవిలో చింపాంజీలు నడిచే దారిలో బొమ్మ పాముని పెట్టి చూశారు."

"ఎందుకమ్మా పాపం?"

"విను. పాముని చూసినది అరిచింది. అదేం గొప్ప కాదు, భయమేస్తే కోడి కూడా అరుస్తుంది. కానీ పక్కనున్నవాటికి పాము సంగతి తెలియదనుకో, ఇంకా ఎక్కువ అరిచింది. తెలిసినవే ఉంటే తగ్గించింది."

"అంటే ఎదుటిదానికి తెలియదని దానికి తెలుసన్నమాట."

"అంతే. మాట పుట్టడానికి వేరు అక్కడ ఉందంటారు కొందరు. నాలుకలో కాదు."

"అయితే చింపాంజీ మనకి తాతా?"

"తాత కాదు, పెదనాన్న కొడుకు. తాత ఎప్పుడో పోయాడు."

యలమందయ్య నవ్వాడు. "మరి మన కోతులకుందా ఆ తెలివి?"

"అంత ఉన్నట్టు కనపడలేదు. కానీ ఎవరి అరుపు నమ్మాలో, ఎవరిది నమ్మక్కర్లేదో వాటికి బాగా తెలుసు."

ఆమె వెళ్లాక అతను అన్నం తిన్నాడు. తింటుంటే పిడుగురాళ్ల కొండముచ్చు గుర్తొచ్చింది. అది ఊరికే అరిచేది కాదు. రోజుకొక్కసారో రెండుసార్లో అరిచేది, అరిస్తే మీదికి దూకేది. మైకుకి ఎదురుగా ఎవరున్నారో తెలియదు, దూకడానికి కాళ్లు లేవు. తన గొంతుతో అది ఐదు రోజులు అబద్ధం చెప్పింది, ఆ అబద్ధం ఇప్పుడు తన మెడకు చుట్టుకుంది.

లేచి వెళ్లి మైకు తీగ పీకేశాడు. ఇంటి చూరులో పదేళ్లుగా పడున్న వడిసెల తెచ్చాడు. నాలుగు రోజులు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గుంపు దిగేదాకా నోరు విప్పడు. దిగాక రాయి విసురుతాడు. అది ముసలి కోతికి జానెడు దూరంలో దుమ్ము లేపాలి. దుమ్ము లేచిన క్షణంలోనే అరుపు. రాయి లేకుండా అరుపు లేదు. మొదటి రోజు గుంపు పది అడుగులు జరిగింది. మూడోరోజు సగం దారిలోనే ఆగి అతని చేతివైపు చూసింది. శనివారం రాయి నేల తాకకముందే గట్టెక్కింది.

ఆదివారం పొద్దున నాగేంద్రబాబు వచ్చేసరికి గుంపు మొక్కజొన్నలో ఉంది. యలమందయ్య ఇవాళ రాయి అక్కర్లేదనుకుని వడిసెల భుజాన వేసుకుని, చేతులు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఆగాడు. బాబు చేతిలో ఫోను పైకెత్తి ఉంది.

"బాబుగారూ, అది జేబులో పెట్టండి."

"ఎందుకయ్యా? ఈసారి బాగా పనిచేస్తోందట కదా, పట్టుకుంటా. అరువు!"

"పెట్టండి బాబూ."

"ఓరి నీ అసాధ్యం కూలా, మొక్కలు పీకుతున్నాయయ్యా! అరువు!"

యలమందయ్య నోరు విప్పలేదు. ఒక మొక్క లేచింది, ఇంకొకటి లేచింది. ముసలి కోతి మూడోది పీకి, వేరు చూసి, పారేసింది. నాగేంద్రబాబు పళ్లు నూరుతూ ఫోనుని ప్యాంటు జేబులో కుక్కాడు.

అప్పుడు అరిచాడు, ఒక్కసారి. ముసలి కోతి నాలుగో మొక్క మీద వేసిన చెయ్యి తీసింది.

"రేపు పొద్దున్నే రానా బాబూ?" అన్నాడు యలమందయ్య, ఖాళీ అయిన గట్టువైపు చూస్తూ.

నాగేంద్రబాబు పీకిన మూడు మొక్కలూ ఏరి అతని చేతికిచ్చాడు. "ముందు వీటిని నాటిపో."