సూర్యలంకలో నేను పోగొట్టుకున్న పూట

మొన్న ఆదివారం నా జీవితంలోంచి ఓ పూట మాయమైపోయిందండీ! నిజం. ఎవరికైనా పర్సు పోతుంది, గొడుగు పోతుంది, గుడి దగ్గర చెప్పులు పోతాయి. నాకు ఏకంగా ఓ పగలు పోయింది. ఇప్పుడు మీకు చెప్పబోయే దాంట్లో సగం నాకు తెలీదు. మా ఆవిడ వనజా, మా బావమరిది రాంబాబూ చెప్పిందే. వాళ్ళు అక్కాతమ్ముళ్ళు, ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటారు. కాస్త ఉప్పూ కారం కలిపే ఉంటారు, మీరే సర్దుకోండి.

అసలు గొడవంతా ఫోన్లో వీడియోలతో వచ్చింది. తెనాలి హైస్కూల్లో సోషల్ మాస్టారిగా రిటైరయ్యాక నాకు పాఠం చెప్పడానికి పిల్లల్లేరు, పాఠం వినడానికి వీడియోలున్నాయి. ఒకాయన కండలు చూపిస్తూ చెప్పాడు. నడక చాలదట. ఊపిరాడనంత గట్టిగా పరిగెడితే మెదడులో సంతోషాన్నిచ్చే రసాయనాలు ఊరతాయట. ఎండార్ఫిన్లు, డోపమైన్... పేర్లన్నీ బట్టీ పట్టేశా. ఇంటికెవరొచ్చినా క్లాసే!

"ఎండార్ఫిన్లంటే ఏంటో తెలుసా వనజా?"

"ఏంటండీ, మందుల షాపులో ఇస్తారా?"

"కొంటే దొరికేవి కాదు. గట్టిగా పరిగెడితే మనలోనే ఊరతాయి. ఊరాయంటే ఇక ఆనందమే ఆనందం!"

"పరిగెత్తకుండానే నాకు బాగానే ఉందిలెండి. మీరు కాస్త ఈ కొబ్బరికాయ కొట్టిపెట్టండి."

ఇదీ మా ఇంట్లో సైన్సుకున్న మర్యాద.

ఆదివారం బాపట్లలో మా ఆవిడ చిన్నాన్నగారి మనవరాలికి అన్నప్రాసన. రాంబాబు రేపల్లె నుంచి వచ్చాడు, అక్కడ వాడికి రొయ్యల మేత వ్యాపారం. పొద్దున్నే పెసరట్లు తినేసి, ముహూర్తానికి ఇంకా టైముంది కదా అని మేమిద్దరం సూర్యలంక బీచికి వెళ్ళాం. ఇసకని చూడగానే నాకు పూనకం వచ్చింది.

"రాంబాబూ, ఇసకలో పరిగెడితే రెట్టింపు ఎఫెక్టు. ఆ కనబడే పడవ దాకా వెళ్ళి రావాలి. గుండెలు అదిరిపోయేలా!"

"బావగారూ, ఇప్పుడే పెసరట్లు తిన్నాం కదండీ."

"మేత అమ్మేవాడివి, నువ్వే మేతకి భయపడితే ఎలాగరా!"

పరిగెత్తాం. ఒకసారి వెళ్ళొచ్చేసరికే వాడు ఇసకలో కూలబడ్డాడు. నేను ఆగలేదు. మళ్ళీ వెళ్ళా, మళ్ళీ వచ్చా. పడవ దగ్గర వలలు బాగుచేసుకుంటున్న ఒకావిడ నన్ను చూసి, "ఎవరైనా తరుముతున్నారా బాబూ?" అంది. చెయ్యి ఊపి మళ్ళీ పరిగెత్తా. కాళ్ళు మండుతున్నాయి, గుండె డప్పు కొడుతోంది, కానీ లోపల ఏదో తెలీని హుషారు! ఆ హుషారులోనే ఒంటి మీద చెమటతో అలాగే సముద్రంలో దూకా. నీళ్ళు చల్లగా తగిలాయి. "వచ్చేశాయి రాంబాబూ! ఎండార్ఫిన్లు వచ్చేశాయి!" అని అరిచా.

అంతే. నాకు గుర్తున్నది అంతవరకే. ఆ తర్వాతిది వాళ్ళు చెప్పింది.

నీళ్ళలోంచి బయటికొచ్చి తువ్వాలు తీసుకుని, చుట్టూ చూసి అడిగానట, "రాంబాబూ, మనం ఇక్కడికెందుకొచ్చాం?" అని.

వాడు జోకనుకున్నాడు. "ఎండార్ఫిన్ల కోసం బావగారూ!" అన్నాడు.

"సరే. వనజేది?"

"బాపట్లలో. అన్నప్రాసన దగ్గర."

"ఎవరికి అన్నప్రాసన?"

వాడు చెప్పాడు. నేను తలూపాను. తల తుడుచుకున్నాను. మళ్ళీ అడిగాను, "రాంబాబూ, మనం ఇక్కడికెందుకొచ్చాం?"

మూడోసారి కూడా అదే గొంతుతో, అదే ముఖంతో అడిగేసరికి వాడికి నవ్వు ఆగిపోయిందట. వలలు బాగుచేసే ఆవిడ వచ్చి నా ముఖం చూసి, "నిలబడి చూస్తావేంటి బాబూ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అని వాణ్ణి కసిరిందట. వాడు నన్ను మా కార్లో కూలేసి, దారిలో వనజని ఎక్కించుకుని, బాపట్లలోనే ఒక డాక్టరుగారికి చూపించాడు. బీపీ బాగానే ఉంది, మూతి వంకర పోలేదు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, అయినా తలకి స్కాన్ తీయించాల్సిందేనన్నారు ఆయన. అక్కణ్ణుంచి కారు తెనాలి పరుగు.

పొన్నూరు దాటేదాకా వనజ దేవుళ్ళందరికీ మొక్కుకుంటూనే ఉందట. పక్షవాతమేమో అని ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంది పాపం. నేను మాత్రం మహా ఉల్లాసంగా ఉన్నాను. ఉండుండి ఆవిడ వైపు తిరిగి, "వనజా, తిన్నావా?" అని అడుగుతున్నాను.

"తిన్నానండీ."

కాసేపాగి మళ్ళీ, "వనజా, తిన్నావా?"

పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నా నోట వినని మనిషి. నాలుగోసారికి భోరుమందట! రాంబాబు స్టీరింగ్ పట్టుకునే, "అక్కా, ఊరుకోవే. బావగారికి కచ్చితంగా ఏదో అయింది" అన్నాడట. వాడి ఓదార్పు అలా ఉంటుంది.

తెనాలి ఆసుపత్రిలో స్కాన్ తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా దగ్గర చదువుకోవాల్సిన వయసు. నన్ను పరీక్ష చేసింది.

"మీ పేరేంటండీ?" చెప్పాను.

"ఏం చేస్తుంటారు?" రిటైర్డ్ టీచరునని చెప్పి, ఆవిడ అడక్కుండానే శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా వరసగా అప్పజెప్పానట. ఒక్క తప్పు లేదు.

"పొద్దున టిఫిన్ ఏం తిన్నారు?"

"ఇంకా తినలేదమ్మా. ఆకలేస్తోంది."

కడుపులో పెసరట్లు ఏమనుకున్నాయో!

ఆవిడ స్కాన్ చూసి వనజ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "కంగారేం లేదమ్మా. ఇది పక్షవాతం కాదు. దీన్ని ట్రాన్సియెంట్ గ్లోబల్ ఆమ్నీషియా అంటారు. కొత్త సంగతుల్ని రాసుకునే భాగం ఒకటి మెదడులో ఉంటుంది. విపరీతంగా శ్రమపడినా, ఒక్కసారిగా చన్నీళ్ళలో మునిగినా, ఎప్పుడో ఎవరికో అది కాసేపు పని మానేస్తుంది. పాతవి పోవు, కొత్తవి ఎక్కవు. లోపల ఒక్కసారిగా పొంగే రసాయనాల వల్లో, రక్తం నడకలో తేడా వల్లో అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కొన్ని గంటల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఈ పూట మాత్రం ఆయనకి ఎప్పటికీ గుర్తురాదు."

వనజ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టిందట. అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరంతా వదిలి, కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగింది. తాగి, డాక్టరమ్మ అన్న చివరి మాట గురించి ఆలోచించింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా కారు కుడివైపు తలుపుకి పెద్ద సొట్ట ఉంది. రేపల్లెలో పార్క్ చేసి ఉండగా లారీవాడెవడో గుద్ది పోయాడని చెప్పారు నాకు. మొహం తెలీని ఆ లారీవాణ్ణి నెలల తరబడి తిట్టుకుంటున్నా. అసలు జరిగింది వేరట! రేపల్లె వెళ్ళినప్పుడల్లా నేను భోంచేసి కునుకు తీసే టైములో రాంబాబు వాళ్ళక్కకి డ్రైవింగ్ నేర్పాడు. ఆవిడ ఓ మధ్యాహ్నం వాడి గోడౌన్ గేటు స్తంభాన్ని రాసుకుంటూ పోయింది.

వనజ నా మంచం పక్కన కూర్చుని, "ఏవండీ, ఆ సొట్ట లారీవాడు పెట్టింది కాదు, నేనే పెట్టాను" అంది.

నేను మండిపడ్డానట. "నీకు బుద్ధుందా? నన్నడక్కుండా కారు ముట్టుకుంటావా?" నర్సు పరిగెత్తుకొచ్చింది. కాసేపటికి నేను ప్రేమగా, "వనజా, తిన్నావా?" అన్నాను.

ఆవిడకి ధైర్యం వచ్చింది. ఈసారి తప్పు తమ్ముడి మీదకి తోసి చెప్పింది. నేను రాంబాబుని తిట్టాను. వాడు "అక్కా, నన్నెందుకు ఇరికిస్తావే!" అని మొత్తుకున్నాడు. కాసేపాగి ఏడుస్తూ చెప్పి చూసింది. ఏడుపుకి కరిగాను కానీ, కరిగాక మళ్ళీ తిట్టాను. అలా ఎన్ని రకాలుగా చెప్పిందో లెక్కలేదట. చివరికి రాంబాబే సలహా ఇచ్చాడు. "అక్కా, ముందు సొట్ట సంగతి తియ్యకు. డ్రైవింగ్ వచ్చిందని చెప్పు."

వనజ గొంతు సవరించుకుని, "ఏవండీ, నాకు డ్రైవింగ్ వచ్చండీ" అంది.

"నిజమా! భలే! ఎవరు నేర్పారు?" అని లేచి కూర్చున్నానట.

"తమ్ముడు. నేర్చుకునేటప్పుడు ఒక్కసారి గేటుకి తగిలిందండీ."

"తగలకుండా ఎవరికొచ్చింది డ్రైవింగ్!" అని పకపకా నవ్వానట. నమ్మకం కుదరక ఇంకోసారి చెప్పి చూసింది. మళ్ళీ అదే నవ్వు.

సాయంత్రం నాకు తెలివి కుదుటపడింది. ఆసుపత్రి మంచం, చేతిలో టీ గ్లాసు, ఎదురుగా వీళ్ళిద్దరూ. జరిగిందంతా చెప్పారు. సొట్ట ఒక్కటి తప్ప. ఒళ్ళు జలదరించింది, తర్వాత నా వేళ్ళు నేను లెక్కపెట్టుకుని, రాంబాబు పూర్తి పేరు గుర్తు తెచ్చుకుని, బతికానురా దేవుడా అనుకున్నా. వనజ చెయ్యి పట్టుకున్నా.

అప్పుడు ఆవిడ మెల్లగా, "ఏవండీ, నాకు డ్రైవింగ్ వచ్చండీ" అంది.

"నిజమా! భలే! ఎవరు నేర్పారు?" అన్నా.

"తమ్ముడు. నేర్చుకునేటప్పుడు ఒక్కసారి గేటుకి తగిలిందండీ."

నేనెంత పెద్దమనసున్నవాణ్ణో నాకే ఆశ్చర్యమేసింది. "తగలకుండా ఎవరికొచ్చింది డ్రైవింగ్!" అని నవ్వా.

రాంబాబు కుర్చీలోంచి కింద పడ్డాడు. అక్షరం తేడా లేదట! నవ్వాగాక సొట్ట కథా, ఆ రిహార్సళ్ళూ వాడే బయటపెట్టాడు.

డాక్టరమ్మ మర్నాడు డిశ్చార్జి చేస్తూ, కొన్నాళ్ళు నెమ్మదిగా నడిస్తే చాలని చెప్పింది. కారు వనజే నడిపింది. నేను పక్క సీట్లో బుద్ధిగా కూర్చున్నా. చెంచుపేటలో మా ఇంటి గేటు దగ్గర, రెండోవైపు తలుపు కూడా కొంచెం గీసుకుపోయింది. నేను నోరెత్తలేదు. ఏం అందామన్నా, ఆ డైలాగుకి ఆవిడ దగ్గర జవాబు రిహార్సల్ అయిపోయి ఉంటుందని భయమండీ!