రెండు వందల పన్నెండు అడుగులు

అడుగుల బాబాయికి ఈ లోకంలో నమ్మకమున్నవి రెండే. ఒకటి తన కుడికాలు, రెండోది తన ఎడమకాలు. టేపును నమ్మడు, అది సాగుతుందంటాడు. రోడ్డు పక్కన పాతిన రాళ్లను నమ్మడు, పాతినవాడు నడిచి పాతాడో బండెక్కి పాతాడో ఎవరికి తెలుసంటాడు. ఇక మనుషుల మాట సరేసరి. "ఇక్కడికి దగ్గరేనండీ" అని ఎవరైనా నోరుజారితే చాలు, చెప్పులు సరిచేసుకుని, "ఒకటి, రెండు, మూడు" అంటూ బయల్దేరేవాడు.

రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేయడం ఆయన పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి, చూసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. పనిలో ఉన్నప్పుడు పలకరిస్తే పలుకుతాడు కానీ, లెక్కపెడుతూ నడుస్తున్నప్పుడు మాత్రం పలకరించకూడదు. కోప్పడడు. ఒక వేలు పైకెత్తి, వెనక్కి తిరిగి, మొదలుపెట్టిన చోటికి వెళ్లి మళ్లీ ఒకటి నుంచి అందుకుంటాడు. ఒకసారి పదకొండు వందల చిల్లర దగ్గర పోస్ట్‌మ్యాన్ నమస్కారం పెట్టాడు పాపం. ఆ రోజు నుంచి బాబాయి ఎదురొస్తే వీధి వీధంతా గోడవైపు తిరిగి నిలబడేది. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ను పెద్ద రౌడీ అనుకునేవారు.

ఫ్యాక్టరీ వాచ్‌మన్ పోయినప్పుడు పాడెకు ఒక భుజం బాబాయిది. అక్కడా లెక్కే. మోసే మిగతా ముగ్గురూ తమకు తెలియకుండానే ఆ లెక్కకు కాళ్లు కలిపారట. తిరిగొచ్చాక వాచ్‌మన్ భార్య ముందు చేతులు కట్టుకుని నిలబడి, "రెండువేల నాలుగువందల పదహారమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు సిగ్గుతో చచ్చిపోయారు. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుని, "ఆయనెప్పుడూ మూడు వేలకు తక్కువుండదనేవారు" అంది.

ఇవన్నీ బాబాయి స్నేహితుడైన వెల్డరు కూతురికి చిన్నప్పుడు నవ్వులాటగా ఉండేవి. తండ్రి మంచాన పడ్డాక నవ్వు రావడం మానేసింది. ముప్పై ఏళ్లు వెల్డింగ్ పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఆయనవి. ఫ్యాక్టరీ ముందు మూతపడింది, తర్వాత అవి. ముందుగదిలో కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. కిటికీలోంచి చూస్తే సగం ఇళ్లకు తాళాలు వేసిన వీధి, వీధి చివర కూలిన ఫ్యాక్టరీ గోడ, గోడ అవతల నీళ్లగుంట. వానలు మొదలయ్యేదాకా ఉంటే గొప్పేనని డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆమె ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పకుండానే తండ్రికి తెలిసిపోయింది.

ఆయన అడిగింది ఒక్కటే. ఆమె చిన్నప్పుడు పల్చటి రేకు కోసి, అతికి ఆయనే చేసిన పడవ ఒకటి అటకమీద ఉంది. దాన్ని నడిపే ట్రాన్స్‌మిటర్ కూడా ఉంది. రెండు పుల్లలు, పొడవాటి యాంటెనా ఉన్న పాత ఇనప్పెట్టె. సెలవు రోజుల్లో స్నేహితులిద్దరూ గుంట గట్టున కూర్చుని ఆ పడవను నీళ్ల మధ్యనున్న పాత గొట్టం చుట్టూ తిప్పుతుండేవారు. ఇప్పుడు కిటికీ దగ్గర్నుంచి ఒక్కసారి దాన్ని గొట్టం చుట్టూ తిప్పాలి. అంతే.

గుంట దాకా చక్రాల కుర్చీలో తీసుకెళ్తానని కూతురు అంది. "నన్ను ఒకళ్లు మోసుకెళ్లేది ఒక్కసారే. దానికింకా టైముంది" అన్నాడు తండ్రి.

బాబాయి ముందు మంచం దగ్గర్నుంచి కొలిచాడు. గుమ్మం దాటి, వీధి వెంట, గోడ సందులోంచి గట్టుదాకా నూట తొంభై. గట్టు నుంచి గొట్టం దాకా నీళ్లమీద నడవలేడు కాబట్టి పురికొస విసిరి కొలిచి, దాన్ని వీధిలో పరిచి నడిచాడు. ఇరవై రెండు. మొత్తం రెండు వందల పన్నెండు. ట్రాన్స్‌మిటర్ రేంజి చూస్తే యాభై ఎనిమిది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆమెకు అదే పని అయింది. యూనిఫారాలు కుట్టే షెడ్డులో పొద్దంతా మిషను తొక్కి వచ్చి, వీధిలో రెండిటుకల మీద పెట్టిన పడవ పక్కన నిలబడేది. బాబాయి పెట్టె పట్టుకుని, పుల్ల కదుపుతూ, లెక్కపెడుతూ దూరం జరిగేవాడు. చుక్కాని కదిలినంతసేపూ ఆమె తువ్వాలు ఊపాలి. ఆగగానే దించాలి. బాబాయి చెవిమీది పెన్సిలు తీసి ఆ అంకె పెట్టె వెనక రాసేవాడు.

బ్యాటరీ పెట్టేచోట పచ్చటి చిలుము గీకి, కొత్త బ్యాటరీలు వేస్తే ఎనభై మూడు. యాంటెనా కణుపుల్లో నల్లబడిన అతుకులు విప్పి తుడిస్తే నూట నాలుగు. పడవలో, అందంగా ఉంటుందని వెల్డరే ఒకప్పుడు చుట్టచుట్టి దాచేసిన తీగను బయటికి లాగి, సన్నటి పుల్లకు కట్టి నిలబెడితే నూట ఇరవై ఒకటి. మోటారులో రేగే నిప్పురవ్వల గోల పడవలోని రిసీవరు చెవిలో పడకుండా మూడు చిన్న కెపాసిటర్లు అతికితే నూట నలభై.

అక్కడ ఆగిపోయింది. వారం రోజులు నూట నలభయ్యే. కిరాణా కొట్టాయన, కరెంటు ఇంకాస్త ఎక్కువివ్వొచ్చుగా అని సలహా ఇచ్చాడు. "ముసలిది. బలవంతంగా అరిపిస్తే గొంతు పోతుంది" అన్నాడు బాబాయి, పెట్టె మూత బిగిస్తూ. మంచంమీద ఆ మాట విన్న వెల్డరు, "నా గురించేనా?" అన్నాడు.

తర్వాత నాలుగు రోజులు బాబాయి పడవ ముట్టుకోలేదు. వెల్డరు దగ్గరకు మాత్రం రోజూ వచ్చాడు. మంచం నుంచి బాత్రూముకు తొమ్మిది అడుగులు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు, తీసుకొచ్చేవాడు, పైకే లెక్కపెట్టేవాడు. పద్దెనిమిది అయ్యేసరికి వెల్డరు మంచం మీద కూలబడి ఎగరొప్పేవాడు. ఊపిరాడక మనిషి అల్లాడుతుంటే ఈయన అంకెలు చదవడమేమిటని కూతురికి ఒళ్లు మండేది. ఒకరోజు అనేసింది కూడా.

"నాన్నేమన్నా వీధా బాబాయ్, కొలవడానికి?"

మర్నాడు ఆమె పనికి బయల్దేరుతూ గేటు అవతల ఇనప స్టూలు తగిలి పడింది. బాబాయి షాపులో గిరాకీలు కూర్చునే స్టూలది. అలాంటిది ఇంకోటి తాళం వేసిన ఇంటి ముందు, ఇంకోటి కరెంటు స్తంభం పక్కన, నాలుగోది కూలిన గోడ సందులో. షాపుకొచ్చినవాళ్లు నిలబడి నడుము నొప్పెట్టించుకుంటున్నారు. ఆమె గేటు దగ్గరిదాన్ని పక్కకు జరిపింది. సాయంత్రానికి అది మళ్లీ అక్కడే ఉంది, నాలుగు కాళ్ల చుట్టూ సుద్దగీతలతో సహా. అడుగుల పిచ్చి ముదిరిపోయిందని వీధంతా తీర్మానించింది. ఆమె కూడా అవునని చెయ్యెత్తింది.

సెలవు రోజు ఉదయం బాబాయి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఒరేయ్, నువ్వు చేసిన స్టూళ్లు ఊగుతున్నాయిరా."

వెల్డరు కళ్లు తెరిచాడు. "నా స్టూలు ఊగదు."

"గేటు దగ్గరుంది. జనం పడిపోతున్నారు. కావాలంటే మీ అమ్మాయిని అడుగు."

కూతురు అబద్ధం చెప్పలేక, నిజం వివరించలేక నిలబడింది. వెల్డరు కాళ్లు కిందికి దించాడు. ఆమె చిన్న సిలిండరు భుజానికి తగిలించుకుని పరిగెత్తింది. బాబాయి ట్రాన్స్‌మిటర్ చంకలో పెట్టుకుని రెండో చేత్తో స్నేహితుడి మోచెయ్యి పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిది దగ్గర ఊపిరి అయిపోయింది, స్టూలు వచ్చింది. వెల్డరు కూలబడ్డాడు. ఊపిరి కుదిరాక అటూ ఇటూ ఊగి చూశాడు.

"ఏదీ, ఎక్కడ ఊగుతోంది?"

"ఇది కాదేమోలే. ఆ తాళం ఇంటి ముందుది."

ఆమె తలెత్తి రెండో స్టూలు వైపు చూసింది. తర్వాత మూడోది, నాలుగోది. కళ్లతోనే అడుగులు వేసుకుంది. ఆ తర్వాత బాబాయి ముఖంలోకి చూద్దామనుకుంటే, ఆయన ఎటో చూస్తున్నాడు.

రెండోదీ ఊగలేదు. మూడోదాని దారిలో వెల్డరు ఆగిపోయి, "ఇక చాలేమోరా" అన్నాడు. అప్పటికి లెక్క నలభై ఏడు. నాన్న లెక్క మధ్యలో మాట్లాడాడు. ఇప్పుడీయన మనిషిని వెనక్కి తిప్పి మంచం దాకా తీసుకుపోతాడు. అనుకున్నట్టే బాబాయి వేలు పైకి లేచింది. గాలిలో కాసేపు ఉంది. ముడుచుకుంది.

"నలభై ఎనిమిది" అన్నాడు బాబాయి.

డెబ్బై రెండు దగ్గర నాలుగో స్టూలు. దానిమీద కూర్చుంటే ఎదురుగా నీళ్లు. గట్టున కిరాణా కొట్టాయన పడవ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వెల్డరు ఏం జరిగిందో గ్రహించి స్నేహితుణ్ని బూతు తిట్టాడు. తిడుతూనే పెట్టె కోసం చెయ్యి చాచాడు.

పడవ నిటారుగా సాగి గొట్టం వెనక్కి వెళ్లింది. అక్కడ తడబడి ఆగింది. సరిగ్గా నూట నలభై. బాబాయి పెట్టె అందుకోబోయాడు. వెల్డరు మాత్రం, "యాంటెనా కొన పడవకేసి చూపిస్తే ఎలా వింటుందిరా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అని తనను తానే తిట్టుకుంటూ పెట్టెను అడ్డంగా తిప్పి పట్టుకున్నాడు. రేకు పడవ ఉలిక్కిపడి, గొట్టం చుట్టూ పూర్తిగా తిరిగి, ఎండలో మెరుస్తూ వెనక్కి వచ్చింది. ఇంకోసారి తిప్పాడు. మూడోసారి కూతురి చేత తిప్పించాడు.

బాబాయి పెన్సిలు తీసి పెట్టె వెనక నూట నలభై కింద రెండు వందల పన్నెండు అని రాశాడు.

"తప్పు రాశావు బాబాయ్" అంది ఆమె.

"మంచం దగ్గర్నుంచి గొట్టం దాకా. నేను కొలిచి రాశాను."

"మరి మధ్యలో నాన్న నడిచింది?"

"రేంజి పెంచమన్నాడు. పెట్టెదో, తనదో చెప్పలేదుగా."

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. తిరుగుదారిలో నాలుగు స్టూళ్ల మీదా ఆగి ఆగి వచ్చారు. గేటు దగ్గరి స్టూలు మీద వెల్డరు కాస్త ఎక్కువసేపు కూర్చుని, కాళ్ల కిందున్న సుద్దగీతలను చూశాడు.

"రేపు దీన్ని ఒక అడుగు అవతలికి జరపరా" అన్నాడు. "మరీ దగ్గరగా పెట్టావు."