ఒళ్లు దులుపుకోని మేక

అన్న పోయాక మా ఇంట్లో ఎవరికీ దేనికీ ఓపిక లేకుండా పోయింది. దవాఖాన బెంచీల మీద గడిపిన నెలల అలసట అప్పుడే బయటపడింది. పుస్తకం తెరిస్తే ఎంతసేపటికీ అదే పేజీ. కూర్చుంటే లేవబుద్ధి కాదు. అయినా మేకకు నీళ్ల క్యాన్లు కట్టి గుట్ట ఎక్కక తప్పేది కాదు. పైన జింకలకు తాగడానికి ఇంకేమీ లేదు.

అది అసలు అన్న పని. ఆయన శంషాబాద్‌లో విమానాశ్రయం దగ్గర కిరాయి కారు నడిపేవాడు. ఎండాకాలం గుట్ట మీద గుంటలు ఎండిపోతే జింకలు దిగివచ్చి రోడ్డు దాటేవి. ఒకసారి ముందు పోతున్న కారు కింద ఒకటి పడడం చూశాడు. ఆ తర్వాత గుట్ట మీద సిమెంటు తొట్టి కట్టించి, నీళ్లు మోయడం మొదలుపెట్టాడు. అంతా బండరాళ్లు, బండి పోయే దారి కాదు. ఆయన మోకాళ్లు కూడా మంచివి కావు.

సవారీల కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో ఏవేవో చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి ఒక వీడియో చూపించాడు. ఏదో చలిదేశపు కొండల్లో జింకల వేటకు పోతున్నవాళ్లు. వాళ్ల గుడారం, గిన్నెలు, తిరుగు దారిలో మాంసం, అన్నీ మేకల వీపు మీదే.

"చూడు తమ్మీ. మనం గూడ జింకల కాడికే పోతున్నం గదా. తుపాకి ఒక్కటే తక్కువ."

"మన మేక నిన్నే గుట్ట మీదికెల్లి నూకుతది," అన్నాను.

ఇంట్లో ఒక నల్ల మేకపోతు ఉండేది. దాన్ని కారు వెనక సీట్లో ఎక్కించి అత్తాపూర్ తీసుకుపోయాడు. అక్కడ కార్లకు సీటు కవర్లు కుట్టే ముసలాయన ఉన్నాడు. అన్న ఆయన్ను చాచా అనేవాడు. మేకను చూసి చాచా టేపు పట్టుకుని బయటికొచ్చాడు.

"అందరు సీటు కొలతలకు కారు తెస్తరు భాయ్. నువ్వు కూసునేటోన్నే తెచ్చినవ్?"

"కూసునేటోడు కాదు చాచా, మోసేటోడు."

"బక్రీద్ ముంగట తెస్తే నేను వేరే కొలత తీస్తుంటి," అని నవ్వి, పాత సీటు బెల్టులతో, మందపాటి రెగ్జిన్‌తో జత సంచులు కుట్టిచ్చాడు. చెరో పక్క ఒక క్యాను. కడుపు కింద ఒక పట్టీ.

మొదట్లో చిక్కు వచ్చింది. క్యాను మూత దగ్గర నీళ్లు చిమ్మి వీపు తడిస్తే మేక ఒళ్లు దులుపుకునేది. సగం నీళ్లు దారిలోనే పోయేవి. అన్న దాని వెన్ను మీద చేయి పెట్టి, కదలకుండా నిలబడితే పుట్నాలు పెట్టేవాడు. పైకి చేరి సంచులు దించాక "ఇగ దులుపు" అనేవాడు. అప్పుడు దులుపుకునేది. మళ్లీ పుట్నాలు. కొన్నాళ్లకు కడుపు కింద పట్టీ బిగిస్తే చాలు, వాన పడుతున్నా దులుపుకోవడం మానేసింది.

అన్న దవాఖానలో ఉన్నప్పుడు వదిన కట్ట మైసమ్మకు మొక్కుకుంది. ఆయన తన కాళ్ల మీద ఇంటికి వస్తే ఇంట్లో పోతును బలి ఇస్తానని. ఆయన వచ్చాడు. నా భుజం పట్టుకుని, నడిచే వచ్చాడు. వానలు పడకముందే పోయాడు.

"మైసమ్మ తన మాట నిలవెట్టుకున్నది," అంది వదిన. "తర్వాత పోయిండని మనం ఎగ్గొట్టొద్దు. ఇంట్ల ఆడపిల్ల ఉన్నది."

మేక కావాలని నాకు ఉంది. కూతురికి ఏమైనా అవుతుందన్న భయం ఆమెకు ఉంది. వాదించే శక్తి నాకు లేదు.

ఆ ఆదివారం చెరువు కట్ట మీదికి పోయాం. వదిన వాళ్ల అన్న, నాకు బావ, కత్తి తెచ్చుకున్నాడు. వదిన మేక మెడలో వేపమండలు వేసి, వీపు మీద పసుపు గుడ్డ కప్పి, దాన్ని కడుపు కింద నుంచి బిగించి కట్టింది. మా వైపు మేక మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా కత్తి ఎత్తరు.

బావ చెంబుతో పోశాడు. మేక నిలబడింది. మళ్లీ పోశాడు. చెవుల్లో చల్లాడు. డప్పు మోగుతూనే ఉంది. మేక మాత్రం కళ్లు సగం మూసుకుని అట్లాగే నిలబడింది.

"ఏందే, రాయి లెక్క నిలవడ్డది!" అన్నాడు బావ.

"చెరువుల ముంచన్నా," అన్నాడు డప్పు కొట్టేవాడు. "నా చేతులు వాయకముందే ముంచు."

బావ నా వైపు తిరిగాడు. "రోజూ దాని ఎంబడి తిరుగుతవ్ గదా. జర ఏమన్న చెప్పరాదు?"

అన్న పైన చెప్పే ఆ రెండు మాటలు నా నోట్లోనే ఉన్నాయి. "నా మాట ఇనదు బావా," అన్నాను.

ఎండ ఎక్కింది. ఇంకో బిందె అయిపోయింది. మేక పొట్ట కింద నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. చివరికి వదినే అంది, "ఇగ చాలు అన్నా. అమ్మకు ఇది వద్దేమో. కోడిని కొయ్యి."

బావ కాసేపు నసిగాడు. తర్వాత డప్పు కొట్టేవాడు కోడి కోసం పోయాడు.

మర్నాడు నేను గుట్టకు బయలుదేరుతుంటే వదిన చెప్పులు వేసుకుని వచ్చింది. అంతకుముందు ఆమె గుట్ట ఎక్కడం నేను చూడలేదు. క్యాన్లు తనే పెట్టింది. కడుపు కింద పట్టీ తనే బిగించి ముడి వేసింది. ఆదివారం పసుపు గుడ్డకు కడుపు కింద వేసిన ముడి కూడా అదే. నేను మేక తాడు పట్టుకుని ముందు నడిచాను.

ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం చాలాసార్లు కూర్చున్నాం. తొట్టి అడుగున ఎండిన నాచు, చుట్టూ గిట్టల గుర్తులు. నీళ్లు పోసి సంచులు దించాను. వీపంతా తడిగా, మేక కదలకుండా నిలబడి చూస్తోంది.

"ఇగ దులుపు," అంది వదిన.

మేక తల నుంచి తోక దాకా దులుపుకుంది. నీళ్లు ఆమె ముఖం మీద పడ్డాయి. తుడుచుకోకుండా కొంగు ముడి విప్పి పుట్నాలు పెట్టింది.

"ఈ నీళ్లు ఎన్ని రోజులొస్తయి?" అని అడిగింది.

"ఎల్లుండి మళ్ల రావాలె వదినా."

"సరే," అని ఖాళీ క్యాన్లకు మూతలు పెట్టసాగింది.