డబ్బా వెనక అక్షరాలు చదివే కొడుకు

మా కొడుకు పోయాడు. పొద్దున పనికి పోయి తిరిగివచ్చి, చాయ్ తాగి, ఛాతీలో పట్టేసినట్టుందని మంచం మీద ఒరిగాడు. దేవరకొండ దవాఖానకు చేర్చేసరికే లేడన్నారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. తెలియనివాళ్ళకు కూడలిలో కట్టిన ఫ్లెక్సీ చెబుతోంది. వాడి దోస్తులు పెళ్ళినాటి ఫోటో పెట్టించి, కింద ‘మృదుస్వభావి, మితభాషి’ అని రాయించారు.

అది చదివి నాకు ఒళ్ళు మండింది. మితభాషా? నా కొడుకా? ఇంజన్ నూనె మాట ఎవరైనా ఎత్తితే వాడి నోరు ఆపడం కన్నతల్లి వల్ల కాలేదు, కట్టుకున్నదాని వల్లా కాలేదు. పిల్లలు ప్రేమతోనే రాయించారు, కాదనను. కానీ అందులో నా కొడుకు లేడు. అందుకే ఇది రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

వాడిది ఊరూరు తిరిగి, ఎదకు వచ్చిన బర్రెలకు, ఆవులకు చూడి కట్టే సూది వేసే పని. ఎవరి బర్రె ఎప్పుడు ఎదకొస్తుందో చెప్పలేం. ఫోన్ వస్తే ఆ పూటే చేరాలి, ఆలస్యమైతే రైతు మళ్ళీ నెల ఆగాలి. బండి లేకుంటే ఆ పని లేదు. ఇంకొకటి. మా కోడలు గుట్ట మీది తండాలో అంగన్‌వాడీ టీచర్. ఆ దారికి బస్సు లేదు, ఆటో ఎక్కదు. రోజూ ఆమెను అక్కడ దింపి అటునుంచే వాడు తిరుగుడు మొదలుపెట్టేవాడు. ఒక్క బండి మీద రెండు కొలువులు నడిచేవి.

కొత్త బండి తెచ్చిననాడు అందరం కొబ్బరికాయ, నిమ్మకాయల హడావిడిలో ఉన్నాం. వాడు మాత్రం సీటు కింద దొరికిన పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

“ఏందిరా, పరీక్షలున్నయా?” అన్నాను.

“వారంటీ ఇస్తమని ముందట రాసిండ్రమ్మా. ఏం చేస్తే ఇయ్యరో వెనక రాసిండ్రు. నేను వెనక నుంచి చదువుతున్న.”

వాడి బుద్ధే అంత. ఉప్పు ప్యాకెట్టయినా, సబ్బయినా, నా మోకాళ్ళ నొప్పుల మందయినా ముందు తిప్పి వెనక చదివేవాడు. చదివి ఊరుకుంటే బాగుండు. మాకూ చదివి వినిపించేవాడు.

ఎండాకాలం గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ సెగకు కాళ్ళు కాలేవట. సింథటిక్ నూనె పోస్తే ఎంత వేడికీ తొందరగా పలచబడదని ఎవరో చెప్పారు. పోయాలని ఆశ. పోస్తే వారంటీ పోతుందేమోనని భయం. పోయాలా వద్దా అన్న ఈ ఒక్క ముచ్చటతో మా ఇంట్లో ఆ ఎండాకాలమంతా గడిచింది. నేను పొయ్యి ముందు కూర్చుంటే వచ్చి నిలబడేవాడు.

“అమ్మా, గిదేం నూనె?”

“పల్లి నూనె.”

“పూరీలకు ఏది పోస్తవ్?”

“ఉన్నది పోస్త. తింటే తిను, లేకుంటే లే.”

“గట్ల బండికి నడవదమ్మా.”

“నేనేమన్న బండికి వండుతున్ననారా?” అంటే కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒకసారి నా కంటి అద్దాల కోసం దేవరకొండ పోతూ నన్ను కూడా షోరూమ్‌కు తీసుకుపోయాడు. అక్కడ టై కట్టుకున్న సర్వీసు పిల్లగాడు ఉన్నాడు. బయటి నూనె పోస్తే వారంటీ పోతుందని అతను ఒక్క మాటలో తేల్చేశాడు.

“ఏ పేజీల ఉంది తమ్మీ?” అన్నాడు మావాడు.

“అందరికీ గదే చెప్తమన్నా.”

“అందరికి చెప్పేది వద్దు. రాసింది చూపియ్యి. గీ గ్రేడు ఉండాలె, క్లచ్ జారకుంట గీ గుర్తుండాలె అని రాసిండ్రు. మీ కంపెనీ నూనె అయితే మంచిదని సలహా ఇచ్చిండ్రు. వేరేది పోస్తే వారంటీ పోతదని ఏడుందో చెప్పు.”

వెనక జనం లైన్ కట్టారు. “పోదాం పారా, ఇజ్జత్ పోతాంది” అని నేను చొక్కా గుంజాను. వాడు కదిలితేనా! కంపెనీవాళ్ళకు ఫోన్ కలిపి, ఆ పిల్లగాడి చెవి దగ్గర పెట్టి మరీ వినిపించాడు. అదే గ్రేడు, అదే గుర్తు ఉంటే సింథటిక్ కూడా పోయవచ్చని, బిల్లు దాచుకోవాలని, సర్వీసు తేదీలు తప్పకూడదని వాళ్ళు చెప్పారు. చివరికి ఒప్పందమయింది.

“మూత తీయని డబ్బా తెస్త. మీ ముందటనే తీస్త. మీరే పొయ్యుండ్రి, ఏం పోసిండ్రో మీరే రాయుండ్రి. రేపు నేను అబద్ధమాడ, మీరూ ఆడకుండ్రి.”

బయటికి వచ్చాక చూస్తే అద్దాల దుకాణం మూసేశారు. ఆ కోపం నాకు వారం దాకా తగ్గలేదు.

ఇంతలో మా తమ్ముడు దిగాడు. పట్నంలో ఒక సేటు దగ్గర కారు నడుపుతాడు. మేనల్లుడు సింథటిక్ నూనె కోసం తిప్పలు పడుతున్నాడని నేను ఫోన్‌లో చెప్పినట్టున్నాను, సేటు కారు కోసం తెప్పించే నూనె ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. మావాడు స్నానానికి పోయిన సందులో బండిలోని నూనె వంచేసి తన నూనె పోశాడు. పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర వేసిన మేనమామ, చెప్పకుండా సంతోషపెడదామనుకున్నాడు. చెప్పకుండానే పట్నం పోయాడు కూడా.

మరునాడు గుట్ట సగంలో బండి అరుస్తుంది గానీ ఎక్కదు. ముందు మందుల డబ్బా, వెనక కోడలు. ఇద్దరూ దిగి ఎండలో తోసుకుంటూ పోయారు. కారులో క్లచ్ నూనెలో మునగదట, బండిలో మునుగుతుందట. కారు నూనెలో కలిపే జారుడు మందు బండి క్లచ్‌ను కూడా జారుస్తుందట. వాడు చెప్పీ చెప్పీ ఇది నాకు నోటికొచ్చింది. నాకెందుకురా ఈ విద్య అని కసురుకునేదాన్ని.

ముందునాడు బండి దగ్గర మసలింది మేనమామేనని గుర్తొచ్చి, “మామా, ఏం పోసినవ్?” అని ఫోన్‌లో అడిగాడు.

“పెద్ద పెద్ద కార్లల్ల పోసేదిరా! సింథటిక్ కావాలంటివి గదా?”

“సింథటిక్ ఒక్కటే సరిపోదు మామా. ఖరీదు నూనె వేరు, కావలసిన నూనె వేరు. డబ్బా వెనక చదివినవా?”

“మేనమామ పెట్టిందానికి ఎనకా ముందూ చూస్తవారా?”

అక్కడితో ఆగినా బాగుండేది. వీడు నేరుగా షోరూమ్‌కు పోయి, కారు నూనె పడిందని ఉన్నదున్నట్టు చెప్పి, కాగితం మీద రాయించి వచ్చాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది.

“ఎందుకు చెప్పినవ్‌రా? నోరు మూసుకుంటే వాళ్ళకేం తెలుస్తది?”

“చెప్పకపోతే ఇంజన్ లోపల కడగరమ్మా. వారంటీ దక్కుతది, బండి దక్కది.”

క్లచ్ ఖర్చు మాదే అన్నారు. ఇంజన్ కడిగి, దాని వారంటీ ఉంచుతామన్నారు. కానీ ఇంకొక్కసారి వేరే నూనె పడినా, ఒక్క సర్వీసు తేదీ తప్పినా అయిపోయినట్టేనని రాసి సంతకం తీసుకున్నారు. తన తప్పు కాగితానికెక్కిందని మా తమ్ముడు అలిగాడు. పండక్కి పిలిస్తే రాలేదు. మేనల్లుడి చావుకే వచ్చాడు. గడపలో కూలబడి ఏడుస్తుంటే వాడిని తిట్టాలో, ఓదార్చాలో నాకు తెలియలేదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ వాకిట్లో బండిని చూసి, “బండికైనా వారంటీ ఉంది, మనిషికి లేకపాయె” అన్నారు. ఎవరికి వాళ్ళు కొత్తగా కనిపెట్టినట్టు అన్నారు. విని విని విసిగిపోయాను. వారంటీ ఉండడమంటే వీళ్ళకేం తెలుసు? అది ఊరికే ఉండదు. పూటపూటా కాపాడితే ఉంటుంది.

దినాలు కాకముందే కోడలి ఫోన్‌కు సర్వీసు తేదీ వచ్చింది. మూలకు కూర్చున్న పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది.

“అత్తా, తారీఖు దాటితే పాయె. ఇంజన్‌కేమన్నయితే నేను తండాకెట్ల పోవాలె?”

వరుసకు వదిన అయ్యే ముసలమ్మ పక్కనే ఉంది. “మొగడు పోయిన పిల్ల అప్పుడే గడప దాటుడేంది? అదీ బండెక్కి!” అని బుగ్గలు నొక్కుకుంది. తాను పట్టుకుపోతానని మా తమ్ముడు లేచాడు. అంత ఏడుపులోనూ కోడలు, “మామ పోతే ఏం నూనె పోపిస్తడో” అనేసింది. తమ్ముడు మళ్ళీ కూర్చున్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. దినాలయ్యాక చావు జరిగిన ఇంటి ఆడవాళ్ళను పుట్టింటివాళ్ళు నిద్రకు తీసుకుపోతారు. అక్కడ ఒక రాత్రి పడుకుని వస్తే బరువు కొంత దిగుతుందంటారు. దానికి గడప దాటితే ఎవరూ ఏమీ అనరు. కోడలికి తల్లీ తండ్రీ లేరు కాబట్టి మా ఇద్దరినీ మా తమ్ముడే తీసుకుపోవాలి. మా పుట్టిల్లు దేవరకొండ దాటాక ఉంది. షోరూమ్ ఆ దారిలోనే ఉంది. సర్వీసు ఆఖరి తేదీ దినాల మరునాడు. నేను ఇంకేమీ ఆలోచించలేదు.

తమ్ముడు సేటునడిగి కారు తెచ్చి తలుపు తీసి నిలబడ్డాడు.

“నేను కార్ల రాను. కోడలు బండి మీద వస్త.”

“అక్కా, మతి పోయిందా?”

“నిద్రకు పోవుడు పద్ధతి. ఏం ఎక్కి పోవాలెనో పద్ధతి చెప్పలె.”

ముసలమ్మ మళ్ళీ బుగ్గలు నొక్కుకుంది. కోడలికి బండి నేర్పింది మా కొడుకే. నేర్పేటప్పుడు వాళ్ళిద్దరూ చేసుకున్న కొట్లాటలకు వాడకట్టంతా సాక్ష్యం. ఆ పిల్ల హెల్మెట్ పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని ముందు కూర్చుంది. నేను వెనక ఎక్కి ఆమె నడుము పట్టుకున్నాను. తమ్ముడి కారు మా వెనక మెల్లగా వచ్చింది.

షోరూమ్‌లో టై పిల్లగాడు బండిని చూడగానే గుర్తుపట్టాడు. మొహం చిట్లించి, “అన్న రాలేదా? నూనె తెచ్చిండా మళ్ళ?” అన్నాడు.

“అన్న లేడు” అంది కోడలు. “నూనె తెచ్చిన.”

మా కొడుకు ముందే కొని పెట్టిన డబ్బాను సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆ పిల్లగాడు మా ముగ్గురి మొహాలూ చూశాడు. డబ్బాను వెనక్కి తిప్పి, మూత తీయకముందే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. మా తమ్ముడు అతని భుజం మీదుగా వంగి, “అక్కా, గా గుర్తు ఏడుంటది?” అని చిన్నగా అడిగాడు. నేను చూపించాను. అద్దాలు లేకుండానే నాకు ఆ జాగా తెలుసు.

పాత నూనె దిగిపోయింది, కొత్తది పోశారు. తేదీ వేసి, నూనె పేరు రాసి, ముద్ర కొట్టారు. బండి కాసేపు నడిపి ఆపాక ఇంజన్ పక్కన ఉన్న చిన్న గాజు బిళ్ళలో నూనె మట్టం చూడాలన్నారు. బండి పక్కకు వాలితే లెక్క తప్పుతుందట. నేను ముందుకు పోయి హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నాను.

“అత్తా, జర నిటారుగ వట్టు” అంది కోడలు, నేల మీద మోకాళ్ళేసి.

బండి బరువు నా భుజాల్లోకి వచ్చింది. ఇంజన్ సెగ కాళ్ళకు తగులుతోంది. కదలకుండా పట్టుకుని నిలబడ్డాను. గాజులో తేనె రంగు నూనె అటూ ఇటూ ఊగి, మెల్లగా రెండు గీతల మధ్యకు వచ్చి ఆగింది.