మొదటి రింగుకే ఎత్తేది

అప్పట్లో పటాన్‌చెరులో ఒక చిన్న మందుల కంపెనీలో నేను స్టోర్స్ గుమస్తాని. కంప్యూటరంటే భయపడనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే మోడెం కూడా నా నెత్తినే పడింది. తెర మీద ATDT అని నంబరు కొడితే డయల్ చేసేది, ATH అంటే పెట్టేసేది. చెప్పిన మాట వినేది ఆ కంపెనీలో అదొక్కటే.

రోజూ సాయంత్రం హెడ్డాఫీసు కంప్యూటరు ఫోన్ చేసి మా స్టాకు ఫైలు తీసుకునేది. ప్రతిసారీ గోడౌన్ నుంచి పరిగెత్తుకొచ్చి లైను కలపాలి. విసుగొచ్చి పుస్తకం తిరగేశాను. ATS0=1 అని కొడితే మొదటి రింగుకే మోడెం తనంతట తనే ఎత్తుతుందట. కొట్టాను. మేనేజరు శభాష్ అన్నాడు. నా అంతవాడు లేడనుకున్నాను.

రెండు రోజులకు తెల్లవారుజామున నా భార్యకు నొప్పులొచ్చాయి. తొలికాన్పు. మా అక్క ఆమెను సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లింది. సెలవు దొరకలేదు. ఏమన్నా ఉంటే చేయమని ఆఫీసు నంబరు రాసిచ్చి డ్యూటీకొచ్చాను. మోడెం కూడా ఆ లైను మీదే ఉందన్న సంగతి బుర్రకు తట్టలేదు. నా తెలివి అంత!

టీకి కూడా లేవకుండా ఫోను దగ్గరే కూర్చున్నాను. ఒక్కసారి మోగి ఆగింది. తెర మీద RING అని పడింది, మోడెం కీచుమంది, కాసేపటికి అవతల కంప్యూటరు దొరకలేదని NO CARRIER అంది. హెడ్డాఫీసు లైను మళ్లీ చెడిందని తిట్టుకున్నాను. ఇంకోసారి, మరోసారి అంతే. ఫైలు పాడవుతుందని రిసీవరు ముట్టుకోలేదు.

హెడ్డాఫీసు పొద్దున పూట ఎప్పుడూ చేయదని ఆ తర్వాత గుర్తొచ్చింది. మోడెం ఇక ఎత్తకుండా ATS0=0 కొట్టాను. OK అంది. ఇక ఫోను మోగలేదు. అక్క ఏ బూత్ నుంచి చేసిందో తెలియదు. బయలుదేరదామంటే, నేను వెళ్లాక మోగితే ఎలా? అలా అరగంట కూర్చుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

అక్క వార్డు బయట బెంచీ మీద ఉంది. నా భార్య బాగానే ఉందని చెప్పింది. పాప పుట్టిందట, ఊపిరి అందలేదట, బతకదని డాక్టరు ముందే చెప్పేశాడట.

"మూడుసార్లు జేసిన తమ్మీ. ఎత్తినవ్ గని పల్కలే, ఏందో కీచుమని సప్పుడు."

ఎత్తింది నేను కాదని చెప్పబోయాను. అక్క నా మొహం చూడకుండా అంది.

"గంటసేపు ఉన్నది. నువ్వొస్తే జూపిద్దామని ఒళ్లనే వెట్టుకొని కూసున్న."